రంగు దిగిన ట్యూబు

స్నేహలతక్కకు నమస్కారం.

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి, ఏమీ అనుకోకండి. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు, అందుకే రాస్తున్నాను.

మూడు నెలలు కష్టపడి మీరు తీసిన నీలం మందు ట్యూబును ల్యాబు ఊడ్చే సీతాబాయి పారబోయలేదు. నేను పారబోశాను.

మీ దగ్గర సీసాలు కడిగే పనికి రాకముందు మా అత్తతో ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరేదాన్ని. "రంగు దిగిందంటే సరుకు ఖరాబైనట్టే పిల్లా. తీసి పారెయ్, పక్కదానికి అంటుకుంటది" అనేది. ఆ రోజు మీరు ట్యూబులో ఏదో మందు చుక్కలు వేసి, ఫోన్ వస్తే బయటికి వెళ్ళారు. నేను చూస్తుండగానే నీలం పోయి నీళ్ళలా అయింది. చెడిపోయిందనుకున్నాను. పక్క ట్యూబులు పాడవకుండా మీకు మేలు చేస్తున్నాననుకుని సింకులో వంపేశాను.

అన్నం తిని వచ్చి చూస్తే ట్యూబు అడుగున మిగిలిన చుక్క మళ్ళీ నీలంగా ఉంది. అది చెడిపోలేదని నాకప్పుడే తెలిసింది. భయపడి ఆ చుక్కను కూడా కడిగేశాను.

మరునాడు ల్యాబు పెద్ద గంగాకిషన్ సార్ సీతాబాయిని నిలబెట్టి అడిగారు.

"నేను బండలు తుడుస్త సారూ, మీ గొట్టాలు ముట్ట."

"ముట్టకుంటే దానికేమన్న కాళ్ళొచ్చి పోయిందా?"

"కాళ్ళే ఉంటే మీ తిట్లకు నాకంటే ముందు అదే ఉరుకుతుండె."

ఎవరూ నవ్వలేదు. రంగు పోయిందని ఆమే పారబోసి ఉంటుందనుకుని మీరే ఆమెకు నెమ్మదిగా చెప్పారు. ఆ నీలం చేని మట్టిలోని బ్యాక్టీరియాలో దొరికే ప్రోటీన్ అట. పొడుగు దారం మడతలు పడి బుట్టలా అయి, పైఅంచు దగ్గర ఒక్క రాగి అణువును పట్టుకుని ఉంటుందట. ఆ రాగి ఎలక్ట్రాన్ అందుకుంటే నీలం పోతుందట, ఇంకొకరికి ఇచ్చేస్తే మళ్ళీ వస్తుందట. బుట్ట గట్టిది కాబట్టి అందుకున్నా ఇచ్చినా ఆకారం మారదట. "రంగు పోతే పాడైనట్టు కాదవ్వా, అది దాని పని" అన్నారు. సీతాబాయి తల ఊపింది. వెనక సింకు దగ్గర నిలబడి నేనూ విన్నాను. నోరు తెరవలేదు. సాయంత్రం సార్ ఆమెను రేపటి నుంచి రావద్దన్నారు.

ఈ ఉత్తరం సార్‌కు చూపించండి. నన్ను తీసేస్తే తీసేయండి. మా ఆయన రంజిత్‌కు మాత్రం చెప్పకండి, మళ్ళీ ఏ పనికీ గడప దాటనివ్వడు. సీతాబాయి తిరిగి వచ్చి చీపురు పట్టిన రోజు దీన్ని కాల్చేయండి. అంతకు ముందు వద్దు.

ఇట్లు,
సంధ్యారాణి