జింకల మడి

అల్ దైద్ అవతలి తోట నుంచి,
జూన్ 2013

రాజ్యానికి,

ఈ ఉత్తరం పక్కన ఎవరూ లేనప్పుడు చదువుకో. నువ్వు పనిచేసే ఆ ఇంట్లో నిన్ను ఫోన్ ఉంచుకోనివ్వరు కాబట్టి, మన తోట కూరగాయలు అక్కడికి చేరవేసే డ్రైవర్ సనావుల్లా చేతికిచ్చి పంపుతున్నాను.

నా ఒళ్ళు మండిపోతోంది రాజ్యం. చలికాలంలో తోట మేనేజరు, అదే మా ముదీర్, నన్ను కంచె దాకా తీసుకెళ్ళి, కొండల్లో మేత లేక జింకలు అల్లాడుతున్నాయని, వాటికోసం ఇక్కడ గడ్డి పెంచమని చెప్పాడు. మీ ఇంటి పెద్దావిడ కోరిక అన్నాడు. ఎంత సంతోషపడ్డానో! జింక బెదురు జంతువు. మడి వెడల్పుగా ఉంటే నడిమికి రాదు. అందుకని ఘాఫ్ చెట్ల నీడ వెంబడి సన్నటి మడులు కట్టి లూసర్న్ గడ్డి చల్లాను, పక్కన బొబ్బర్లు వేశాను. ఎప్పుడూ లేత చిగురు దొరకాలని ఒక మడి కోశాక కొన్నాళ్ళు ఆగి ఇంకోటి కోసేవాణ్ణి. ఒంటెలు తొక్కకుండా ముళ్ళకంప వేశాను. మొదట్లో ఇసకలో డెక్కల గుర్తులే కనిపించేవి. తరవాత అవే వచ్చాయి. ఎండలు ముదిరేసరికి, నేను నీళ్ళ గొట్టాలు సర్దుతుంటే తలెత్తి ఒకసారి చూసి మళ్ళీ మేసుకునేంత చనువొచ్చింది వాటికి.

శుక్రవారం సాయంత్రం పెద్దావిడ కొడుకు తన వ్యాపార స్నేహితుల్ని వెంటేసుకొచ్చాడు. మడికి ఎదురుగా ఖర్జూర మట్టలతో ఒక తెర కట్టమని ముదీర్ అంతకుముందే నాకు చెప్పాడు. గాలి కొట్టకుండా కాబోలనుకుని నా చేతులతో నేనే కట్టాను. వాళ్ళు దాని వెనక కుర్చీలేసుకుని, కాఫీ తాగుతూ జింకల్ని తుపాకులతో కాల్చారు. పరిగెత్తుకెళ్ళి చూస్తే, పడిపోయిన ఆడజింక నోట్లో లూసర్న్ పరక ఇంకా అలాగే ఉంది.

"ఇందుకా నాచేత మేత వేయించావు?" అని అడిగాను ముదీర్‌ని.

"తో క్యా? పూజ కే లియే లగాయా థా?" అని, పూజకి వేయించాననుకున్నావా అన్నట్టు పగలబడి నవ్వాడు.

వేటాడాలంటే కొండెక్కి తిరగాలి, చెమటోడ్చాలి. పిలిచి పెట్టినట్టు పెట్టి, తింటుండగా చంపడం ఏం మగతనం? ఆ రోజే మడులకి నీళ్ళు ఆపేశాను. జింక కనబడితే చాలు, డబ్బా మోగించి తరిమేస్తున్నాను. "పానీ ఖోల్, నహీ తో ఖలాస్!" అన్నాడు ముదీర్. నీళ్ళు వదలకపోతే ఉద్యోగం పోయినట్టేనట. ఖలాసే కానీ. వీసా రద్దు చేసేయమన్నాను. నేను ఇంటికి వెళ్ళిపోతున్నాను. నువ్వు మాత్రం పెద్దావిడతో ఏమీ అనకు. నీ పని నువ్వు నిలబెట్టుకో.

నీ
వెంకట్రావు


అజ్మాన్

ఏవండీ,

మీ ఉత్తరం ఇస్త్రీ గదిలో నిలబడి చదివాను. చదివాక ముందు మీ మీదే కోపం వచ్చింది. వెళ్ళిపోతున్నానని మీ అంతట మీరే తేల్చేసుకుంటారా? నేనొక మనిషిని ఉన్నానని గుర్తు రాలేదా? ఇంకా కోపం దేనికంటే, ఈ మండుటెండల్లో నీళ్ళు ఆపేసినందుకు. కొండల్లో ఏమీ దొరక్కే కదా అవి మీ మడికి అలవాటు పడ్డాయి! తుపాకీకి చిక్కనివి ఇప్పుడు ఆకలితో పోవాలా? మీ కోపం ముదీర్ మీద. మీరు ఎండబెడుతున్నది వాటి కడుపు.

పెద్దావిడతో అనకు అన్నారు. అనేశాను. తలకి నూనె రాస్తూ, నాకొచ్చిన అరబ్బీలో అంతా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "నేను వేయించిన గడ్డి మీదా?" అని మాత్రం అడిగింది.

భోజనాల దగ్గర కొడుకుని నిలదీసింది.

"యుమ్మా, జింకలే కదా!" అన్నాడాయన.

"ఆ తోట మీ నాన్న నా పేర పెట్టి పోయాడు. అక్కడ ఇంకొక్క తుపాకీ పేలిందా, మర్నాడే అమ్మేస్తాను. ఆ తెర పీకించు. నీ ముదీర్‌ని వేరే పని చూసుకోమను."

ఆయన నావైపు తిరిగాడు. "చాడీలు చెప్పే మనిషి ఈ ఇంట్లో ఉండకూడదు. పంపించెయ్."

చేతిలో పళ్ళేలు అక్కడే పెట్టేశానండీ. ఇక నోరు ఆగలేదు. "పంపించండి. మా ఊరికి మాత్రం కాదు, తోటకి పంపండి. అక్కడి పనివాళ్ళకి వండిపెడతాను. మా ఆయన వీసా రద్దు చేయకండి, ఆయన మేత వేశాడు గానీ ఎవర్నీ చంపలేదు" అన్నాను.

కొడుకు అన్నం వదిలేసి లేచిపోయాడు. పెద్దావిడ చెయ్యి కడుక్కుని, "యల్లా, బట్టలు సర్దుకో. అతను ఎక్కడికీ పోడు" అంది.

ఒకే దేశంలో ఉండి, పండగకొకసారి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇక చాలు. మళ్ళీ వచ్చే కూరగాయల బండి తిరుగు ప్రయాణంలో సనావుల్లా పక్కన కూర్చుని వచ్చేస్తున్నాను. వంటగదిలో పొయ్యి ఎలా ఉందో, ఏం సామాన్లు ఉన్నాయో వచ్చాక చూసుకుంటాను. ఆ జింకలు మళ్ళీ మనుషుల్ని నమ్ముతాయో లేదో నాకు తెలియదు. నమ్మకపోయినా తినాలి కదా.

ముందు వెళ్ళి నీళ్ళు వదలండి.

మీ
రాజ్యం