అమ్మమ్మ పాల జగ్గు మీది సింహం

షెఫీల్డ్, మంగళవారం

అమ్మా, నేనిక్కడ కులాసా. అమ్మమ్మ వెండి పాల జగ్గు మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యకు.

"అడుగున అసలు వెండికి కొట్టే సింహం ముద్ర సరిగ్గా కనబడటం లేదు, ఇది ఉత్త వెండి పూత" అన్నాడా ఆ గుమ్మంలోకొచ్చిన బేరగాడు? వాడి మొహం! నిన్న మా వెండి దుకాణానికి ఒకావిడ పాత టీ కూజా తెచ్చింది. ఒళ్లంతా అరిగి పలచబడింది గానీ, అడుగున సింహం, మా ఊరి గుర్తు కిరీటం, చేసిన ఏడాది తెలిపే అక్షరం మాత్రం నిన్న కొట్టినట్టున్నాయి. మా యజమాని టన్నిక్లిఫ్ గారు మురిసిపోతుంటే, నేను దాని మీద హా అని ఊపిరి వదిలాను. ఆ ఆవిరిలో ముద్రల చుట్టూ గుండ్రంగా అతుకు గీత తేలింది. ఏ అసలు వెండి చెంచా నుంచో ముద్రలు కోసి దీనికి అతికించారన్న మాట! "ఎనిడ్, నా కళ్లజోడు కూడా నువ్వే పెట్టుకో తల్లీ" అని ఆయన ఒకటే నవ్వు.

మన జగ్గు మీదా ఊది చూడు. గీత తేలితే నా పేరు మార్చు.

పొగగొట్టం దులిపించావా? తమ్ముడు క్లెమెంట్‌కి దగ్గు తగ్గిందా? అల్లం కేకూ, నా ఊలు మేజోళ్లూ పంపు. నాన్నకు ముద్దులు.

ఇక శనివారం శనివారం ఆ జగ్గు అడుగు తోమడం మానెయ్యి. ఆ సింహాన్ని అరగదీసింది అమ్మమ్మ చెయ్యి, ఆ తర్వాత నీ చెయ్యి. బేరగాడు మళ్లీ వస్తే అదే చెప్పు.

నీ ఎనిడ్