తిన్నగా బిగించిన స్టీరింగు

తమ్ముడూ,

జీపు తాళం నేను పట్టుకెళ్తున్నా, వెతక్కు. బండిని లేపే కిట్టు తెచ్చి, స్ప్రింగులు మార్చి నాలుగంగుళాలు లేపితే స్టీరింగు వంకరవుతుంది. అప్పుడు కింద చక్రాలకి వెళ్ళే రాడ్డు పొడవు సరిచేయాలి. నువ్వేమో పైన స్టీరింగు ఊడబీకి, తిన్నగా పెట్టి బిగించావు. మెడ పట్టేస్తే టోపీ సర్దుకున్నట్టుంది. బండి ఎడమకి సగమే తిరుగుతోంది, పొద్దున మలుపులో గోడకి జానెడు దూరంలో ఆపాను. పదేళ్ళుగా చక్రాల అలైన్‌మెంట్ షాపు నడుపుతున్న అక్క పక్కగదిలో ఉంటే, మహానుభావుడు వీడియో చూసి నేర్చుకున్నాడు. సాయంత్రం నేనే చేస్తా, నువ్వు ముట్టుకోకు.

అన్నట్టు, నీ జీపెక్కడానికి అమ్మ వంటింట్లోంచి స్టూలు మోసుకొస్తోంది. ఆవిడ మోకాళ్ళు లేపే కిట్టు కూడా ఉందేమో, ఆ వీడియోలోనే చూడు.