రెండున్నర చెంచాల ఉప్పు

ముందుగా అందరి ఆరోగ్యం. ఒకే ఇంట్లో ఉంటూ కాగితం మీద అడగడమేమిటని అనుకోవద్దు. ఈ కాగితం చదివే రోజుకి నేను ఉండను కదా, అప్పుడు అడగడానికి కుదరదు.

అబ్బాయీ, నీ మోకాలు ఎలా ఉంది? గుర్రం దిగేటప్పుడు ఆ కాలి మీద బరువు వెయ్యొద్దంటే "సరేనమ్మా" అంటావు, వేసే దిగుతావు. కోడలమ్మా, నీ నడుము తగ్గిందా? దాణా బస్తాలు ఒక్కదానివే ఎత్తుతున్నావని నాకు తెలుసు, వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. అమ్మాయీ, పట్నంలో ఆ కుట్టుపనితో నీ కళ్లు ఏమవుతున్నాయో. మిషను దగ్గర బల్బు మార్చావా? చిట్టీ, మనవరాలివి కాబట్టి నిన్ను గట్టిగా అనలేను, దగ్గు పోయేదాకా దూడల దగ్గర దుమ్ములో ఆడకు. నాడాల తమ్ముడూ, గుర్రాలకు నాడాలు కొట్టడానికి ముప్పై ఏళ్ల కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడివి, ఆ ఊగుతున్న పన్ను పీకించుకున్నావా లేక నాచేత చెప్పిందే చెప్పించుకుంటావా?

చివరగా, రెండు గేట్ల అవతల ఉంటున్న మా ఆడపడుచుకి. నీ కంటి ఆపరేషను బాగా జరిగిందని పాల వ్యాను డ్రైవరు చెప్పాడు. చుక్కల మందు వేళకి వేసుకుంటోందా అని అడిగితే, "అంత దగ్గరగా నేను చూడలేదమ్మా" అన్నాడు. పదకొండేళ్లుగా నువ్వు మా బల్ల దగ్గర భోజనానికి కూర్చోలేదు. ఈ వీలునామా అసలు నీ కోసమే రాస్తున్నాను. మిగతావాళ్లకి ఇచ్చేవి దారిలో ఇస్తున్నాను.

ఇక వకీలు గారు రాయమన్నది. నేను, ఈ పశువుల ఫారం పెద్దాయన భార్యను, డెబ్బై ఆరేళ్ల దానిని, నా తెలివి నా దగ్గర ఉండగానే, ఎవరూ బలవంతపెట్టకుండా, ఎవరి మొహమాటానికీ కాకుండా, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇష్టపూర్వకంగా రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివిగా ఉన్నాననడానికి రుజువేమిటంటే, ఈ వాక్యం పూర్తయ్యేలోపు రెండుసార్లు లేచి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూశాను. రెండుసార్లూ కట్టేసే ఉంది. నేను చదివింది నాలుగో తరగతి. రాతలో తప్పులు వకీలు గారి గుమాస్తా దిద్దాడు. మాటలు దిద్దబోతే వద్దన్నాను.

1. భూమి, పశువులు, కంచెలు, గేట్లు మా ఆయనే అబ్బాయికి రాసి వెళ్లారు. నాకు మిగిలింది వంటిల్లు. అంచేత నా ఆస్తి వంటింటి గుమ్మం దగ్గర మొదలై వెనక కిటికీ దగ్గర ఆగిపోతుంది. అందులో సమస్తమూ నా స్వార్జితం.

2. నాలుగు మంటల పొయ్యి, దాని సిలిండరు, రబ్బరు గొట్టంతో సహా, నా తదనంతరం కోడలికి సర్వహక్కులతో చెందవలసినది. సదరు పొయ్యిలో వెనక ఎడమవైపు మంట ఉన్నట్టుండి ఎగుస్తుంది. దాని మీద పాలు పెట్టి ఎక్కడికీ వెళ్లొద్దు. ఫోను మోగినా వెళ్లొద్దు. గొట్టం ఏడాదికోసారి మార్చాలి, నేను ఆరు నెలలకోసారి మార్చాను. పంతొమ్మిదేళ్లలో కోడలు నన్ను ఒకే ఒక్క మాట అంది, "అత్తయ్యా, బంగాళాదుంపలు మరీ లావుగా కోస్తారు" అని. ఆ మాట నేను మర్చిపోలేదు. అది నిజమే. లావుగానే కోస్తాను, మూడు గంటలు ఉడికినా ముక్క నిలబడాలని. ఇకమీదట నీ ఇష్టం వచ్చినట్టు కోసుకో.

3. పది మంది గిన్నె, నలభై మంది గిన్నె, రెండు మూతలు కూడా కోడలికే. మూతలు ఒకదానిది ఒకదానికి పట్టవు, ప్రయత్నించొద్దు. ఇంతమందికి వండడం గొప్ప అని నాకు పేరు పెట్టారు. గొప్పేమీ లేదు. ముందురోజు నానబెట్టిన చిక్కుడు గింజలు, మాంసం ముక్కలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు అన్నీ ఒకే గిన్నెలో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, ఎనిమిదింటికి సన్నమంట మీద పెడితే పదకొండున్నరకి అయిపోతుంది. పక్కన రొట్టె. అంతే. మధ్యలో మూత తియ్యకూడదు. నేను ఇరవైసార్లు తీస్తాను, మీరు తియ్యొద్దు. పది మంది గిన్నెకి, ఎర్ర మూత డబ్బాలో ఉన్న చెంచాతో రెండున్నర చెంచాల ఉప్పు. ఆ లెక్క నాది కాదు. ఎవరిదో ఏడో అంశంలో ఉంది.

4. పదహారు మంది కూర్చునే భోజనాల బల్ల అబ్బాయికి, ఒక షరతు మీద. దాన్ని రెండు ముక్కలు చెయ్యకూడదు. కొత్త గదిలో పట్టదని ఒకసారి కొలతలు తీశావు. బల్ల పట్టకపోతే గది పెంచు. మధ్యాహ్నం గంట కొట్టే వేళకి ఆవరణలో ఎవరున్నా, కంచె పనివాళ్లయినా, లారీ చెడిపోయి నీళ్లకోసం వచ్చినవాళ్లయినా, భోజనం పెట్టి పంపాలి. చాలదేమోనని భయం వేస్తే నీళ్లు పోసి రొట్టె ఎక్కువ కాల్చండి. నాకు యాభై ఏళ్లు రోజూ భయం వేసింది. ఒక్క రోజూ చాలకపోలేదు.

5. అమ్మాయికి ఇనప పెనం, నువ్వు కుట్టి ఇచ్చిన మూడు ఏప్రన్లు. జేబు పెద్దగా పెట్టమన్నాను, చిన్నగా పెట్టావు. అయినా పచ్చరంగుది నేను ఒక్కసారీ కట్టుకోలేదు, మాసిపోతుందని. కాగితంలో చుట్టి పై అరలో ఉంది. కిందటిసారి వచ్చినప్పుడు నా మంచి కత్తి నీ సంచిలో పడింది. సదరు కత్తి ఇకనుంచి చట్టప్రకారం నీదే, నేను మీ ఇంటికి వచ్చినప్పుడల్లా సొరుగులో దాచనక్కర్లేదు.

6. చిట్టికి నాలుగు పెట్టలు, గుడ్ల బుట్ట, పొయ్యి అందడానికి నేను చేయించిన ఎత్తుపీట. పీట ఒక కాలు పొట్టి. కింద మడత పెట్టిన అట్టముక్క పెట్టి, అప్పుడు ఎక్కు.

7. నాడాల తమ్ముడికి నా పెద్ద గరిటె, వెనక కిటికీ కింద ఉన్న బల్లపీట, అతను తాగే ఎనామిల్ కప్పు. ఎందుకో చెప్పాలి. చెప్పబోయే ముందు ఇంకోసారి గ్యాసు చూసి వచ్చాను.

పదకొండేళ్ల కిందట చలికాలం చివర నాకు జ్వరం వచ్చింది. పది రోజులకి తగ్గింది. పోతూ పోతూ నోటి రుచి, ముక్కు వాసన రెండూ పట్టుకుపోయింది. తిరిగి ఇవ్వలేదు. అప్పటినుంచి నా నాలుకకి ఉప్పూ పంచదారా ఒకటే. ఎవరికీ చెప్పలేదు. వండే మనిషికి రుచి తెలియదంటే ఆ వంట ఎవరు తింటారని ఒక భయం. వంట నా చేతుల్లోంచి పోతే ఈ ఇంట్లో నేనెవరినని ఇంకో భయం.

ఎనిమిదో అంశంలో రాసినది జరిగాక, ఒకరోజు నాడాల తమ్ముడిని కిటికీ దగ్గరకి పిలిచి, "ఆకలిగా ఉన్నట్టున్నావు, కాస్త రుచి చూడు" అన్నాను. మర్నాడూ అదే మాట అన్నాను. మూడోరోజు పిలవకుండానే వచ్చి నిలబడ్డాడు. ఇక రోజూ పదకొండున్నరకి. ఒక వేలు ఎత్తితే ఇంకాస్త ఉప్పు. అరచెయ్యి చూపిస్తే చాలు. మొహం పక్కకి తిప్పుకుంటే ఉప్పెక్కువైనట్టు, ఇంకో రెండు బంగాళాదుంపలు కోసి వెయ్యాలి. ఆ రెండున్నర లెక్క కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. కుదిరాక కూడా నాకు నమ్మకం లేదు, అందుకే రోజూ చూపించాను. మీరంతా "అమ్మ చేతి రుచి" అని మెచ్చుకున్నది ఇతని నాలుక. ఎవరికీ చెప్పలేదు. ఎందుకని ఇతను నన్నూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, "అక్కా, నాకు జలుబు చేసింది, ఇవాళ నన్ను నమ్మకు" అన్నాడు. ఆ రోజు అందరికీ ఉడికించిన గుడ్లు పెట్టి, ఉప్పు డబ్బా బల్ల మీద ఉంచాను.

వస్తువులు పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదని వకీలు గారు అన్నారు. ఇన్నేళ్లూ దీనికి సాక్షి ఇతనొక్కడే. ఇతని సంతకమే పనికిరాదట.

8. మా ఆడపడుచుకి నీలం అంచు పళ్లెం.

అది నీ పళ్లెమే. నా పెళ్లికి ముందునుంచీ నువ్వు అందులోనే తినేదానివి. ఏటా దూడలకి ఫారం గుర్తు కాల్చి ముద్రలు వేసే రోజున చుట్టుపక్కల ఫారాలవాళ్లంతా సాయానికి వస్తారు, నలభై మందికి భోజనం ఇక్కడే. బల్లకి తోడు బయట చెక్కలు కూడా వేస్తాం. ఆ ఏడు నా జ్వరం తగ్గిన వారానికే ఆ రోజు వచ్చింది. నలభై మంది గిన్నెలో ఉప్పు వేశానో లేదో గుర్తురాక మళ్లీ వేశాను. రుచి చూస్తే తెలియలేదు. భయం వేసి మూడోసారి వేశాను.

నువ్వు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "వదినా, భోజనానికి సముద్రాన్ని కూడా పిలిచావా?" అన్నావు. నవ్వుతూనే అన్నావు. "నీ నాలుకకే రోగం వచ్చింది, కడుక్కుని రా" అన్నాను నేను. నవ్వకుండా అన్నాను. "ఎవరో ఒకరు చెప్పండి, ఉప్పెక్కువైందా లేదా?" అని నువ్వు చుట్టూ చూశావు. నలభై మందీ తమ తమ పళ్లేల్లోకి చూసుకున్నారు. పశువుల డాక్టరు గారు "బాగానే ఉంది" అన్నారు. మా ఆయన ఇంకో గరిటె వేయించుకుని తిన్నారు. నీతో, "వదినకి క్షమాపణ చెప్పేదాకా నీకు ఈ బల్ల మీద పళ్లెం లేదు" అన్నారు. నువ్వు లేచి వెళ్లిపోయావు. ఆ మధ్యాహ్నం పశువుల తొట్టి పక్క కుళాయి దగ్గర మనుషులు వరసలో నిలబడి నీళ్లు తాగారు. అది చూశాక నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా రెండు గేట్లు దాటి రాలేదు.

ఆరేళ్ల కిందట ఆయన పోయినప్పుడు మూడు రోజులు నువ్వు వచ్చావు. గిన్నెలన్నీ తోమావు, వచ్చినవాళ్లకి వడ్డించావు, నోట్లో ఒక్క ముద్ద వేసుకోకుండా వెళ్లిపోయావు. అన్నా చెల్లెలు మళ్లీ ఒక బల్ల దగ్గర కూర్చోకుండానే ఆయన వెళ్లిపోయారు. నాకు రుచి పోయిందని ఆయనకి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రెండో గరిటె ఎందుకు వేయించుకున్నారో అడగాలని ఐదేళ్లు రోజూ అనుకున్నాను.

అందుచేత చట్టప్రకారం చెల్లేలా రాసి ఇస్తున్నది ఏమనగా, ఆ రోజు ఉప్పు ఎక్కువైంది. నీ నాలుక మంచిదే. రోగం నాది. నువ్వు ఎవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు, నీకే నేను చెప్పుకుంటున్నాను. మా ఆయన మాట కాదని సదరు పళ్లెం మళ్లీ బల్ల మీద పెట్టే హక్కు నాకుందా అని వకీలు గారిని అడిగాను. వంటసామాను నాది కాబట్టి ఉందన్నారు. దాన్ని వారానికోసారి కడిగి తుడిచి అరలో అదే చోట పెడుతున్నాను. అంచున చిన్న పెచ్చు ఊడింది. తుడవడం ఎక్కువై ఊడింది.

9. ఈ వీలునామా అమలు చేసే భారం వకీలు గారిది. ఆయన తిండి సరిగ్గా తినరు. అమలు చేసే రోజున ముందు ఆయనకి భోజనం పెట్టండి.

10. ఇక్కడిదాకా రాశాక, కవరులో పెట్టి సీలు వేద్దామన్నారు వకీలు గారు. వీలునామా మనిషి పోయాకే చదవాలట. నేను పోయాక ఉప్పు సరిపోయిందో లేదో నాకెవరు చెబుతారు? అందుకని ఒక నకలు ఇవాళే పాల వ్యానులో మా ఆడపడుచుకి పంపిస్తున్నాను. ఇంట్లోవాళ్లకి రేపు భోజనాల దగ్గర నేనే చదువుతాను. "ఇలా ఎవరూ చెయ్యరమ్మా" అన్నారు ఆయన. తప్పా అని అడిగాను. తప్పు కాదు, ఎవరూ చెయ్యరంతే అన్నారు. అయితే నేను చేస్తాను.

తేదీ: మార్చి 4, మంగళవారం.
సంతకం: వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను. చివర గీత కొంచెం వంకరపోయింది.

సాక్షులు:
పశువుల డాక్టరు (సంతకం కింద ఆయనే రాసినది: ఆ రోజు ఉప్పు ఎక్కువైన మాట వాస్తవం. నేను బాగుందన్నది అబద్ధం.)
పాల వ్యాను డ్రైవరు

అదనంగా, మార్చి 6, గురువారం, అదే సాక్షుల ఎదుట చేర్చినది:

నిన్న భోజనాల దగ్గర చదివాను. చదవడం అయ్యాక చిట్టి కిటికీ దగ్గరకి పోయి నాడాల తమ్ముణ్ణి నాలుక చూపించమంది. కోడలు నా పళ్లెంలో ఇంకో గరిటె వేసింది, వద్దన్నా వేసింది.

ఈ ఉదయం పాల వ్యానులో నా నకలు తిరిగి వచ్చింది. ఒప్పుకోలేదేమోనని చాలాసేపు విప్పలేదు. వెనకవైపు మా ఆడపడుచు రాత ఇలా ఉంది: "వదినా, చుక్కల మందు వేళకే వేసుకుంటున్నాను. పెచ్చు ఊడితే ఊడింది, ఆ పళ్లెమే పెట్టు. ఆ రోజు నోరు మూసుకుని కూర్చున్న నలభై మందినీ పిలువు, ఎవరినీ వదలకు. ముద్రల రోజున పొద్దున్నే వస్తాను. నేను వచ్చేదాకా గిన్నెలో ఉప్పు వెయ్యకుండా ఉంచు."

ఉంచుతాను. ముద్రల రోజు మార్చి 16, ఆదివారం, గిన్నె పొయ్యెక్కేది ఎనిమిది గంటలకి. రెండు గేట్లూ తీసి ఉంటాయి.