ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పను

14 జూన్ 1976, సోమవారం. తాండూరు.

సెలవు అయిపోయింది. ఈ రోజు ధాన్యం అమ్మే గంజ్‌లో మళ్లీ పనిలో చేరాను. నిర్ణయం: ఆపరేషన్ సంగతి ఇక్కడ ఒక్కరికి కూడా చెప్పను.

హైదరాబాదులో డాక్టరు నా కడుపులో పుండుందని సగం కడుపు కోసి తీసేశాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, నా భార్య భాగమ్మకు తెలుసు. ముగ్గురు చాలు.

గంజ్ సంగతి నాకు తెలుసు. వెనకటికి ఒక హమాలీకి వరిబీజం కోశారు. మనిషి బాగయ్యాడు, మళ్లీ బస్తాలు మోశాడు. అయినా చచ్చేదాకా కుట్లోడు అనే పిలిచారు. కొడుకును ఇప్పటికీ కుట్లోని కొడుకు అంటారు. నాకు ఇప్పటికే ఒక పేరుంది, గుమ్మి సారు. ధాన్యం పోసే గుమ్మిలాగా ఉంటానని. రెండో పేరు అక్కర్లేదు.

సెలవు చీటీలో బావమరిది పెళ్లి అని రాశాను. రెండు నెలల పెళ్లేమిటని ఎవరూ అడగలేదు.

ప్యాంటు జారిపోతోంది. తాడుతో కట్టుకున్నాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

19 జూన్

సూపర్‌వైజరు రాజేందర్ సార్ ఊరి నుంచి వచ్చాడు. నన్ను చూసి, “ఎవలు గావాలె?” అన్నాడు. నేను మొగులప్పను, వేలం పాటలు రాసే గుమాస్తాను అని చెప్పుకోవలసి వచ్చింది. ఎలా తగ్గావన్నాడు. పొద్దున నడక, రాత్రి ఉపవాసం అన్నాను. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందంటే నాకే ముచ్చటేసింది.

2 జూలై

ఒక చిక్కు. డాక్టరు కొంచెం కొంచెంగా మాటిమాటికీ తినమన్నాడు. ఉపవాసం చేసేవాడు అందరి ముందు ఎలా తింటాడు? జొన్నరొట్టె ముక్కలు జేబులో వేసుకుని బస్తాల చాటుకు పోతున్నాను.

సాయంత్రం రాజేందర్ సార్ పిలిచాడు. బస్తాల సందుల్లో రొట్టె ముక్కలు దొరుకుతున్నాయి, ఎలుకలు పెరిగినట్టున్నాయి, మందు పెట్టించు అన్నాడు. సరే సార్ అన్నాను.

11 ఆగస్టు

పేరు పెరుగుతోంది. కమీషను మీద ధాన్యం అమ్మిపెట్టే అడ్తి సేట్లు నన్ను కూర్చోబెట్టుకుని అడుగుతున్నారు. అన్నం మానాలా, రొట్టె మానాలా? నీళ్లు ఎప్పుడు తాగాలి? అన్నిటికీ జవాబులు చెప్తున్నాను. రాజేందర్ సార్ పొద్దున్నే కాగ్నా వాగు దాకా నడుస్తున్నాడట. రాత్రి తినడం లేదట. మనిషి చిరచిరలాడుతున్నాడు, పొట్ట మాత్రం అలాగే ఉంది. మనసు గట్టిగా ఉండాలి సార్ అని చెప్పాను.

ఇంట్లో ఈ మాట చెప్తే భాగమ్మ రొట్టె తట్టడం ఆపింది.

“నీ మనసేం గట్టిగుండె? డాక్టర్ కత్తి గట్టిగుండె.”

29 ఆగస్టు

భాగమ్మకు నెల తప్పింది. ఇద్దరు ఆడపిల్లల తర్వాత ఇది. ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దంది. చెప్పకుండా ఉండడం నాకు అలవాటైన పనే అన్నాను.

17 సెప్టెంబరు

పైనుంచి హుకుం వచ్చింది. ప్రతి ఆఫీసూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపుకు మనుషులను పంపాలి. పంపకపోతే రాజేందర్ సార్ జీతం ఆగుతుందట. ఇద్దరు పిల్లలున్న మగవాడు కనబడితే చాలు, భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోతున్నాడు. క్యాంపు జీపు చప్పుడు వినబడితే హమాలీలు బస్తాల చాటుకు వస్తున్నారు. నాకు తినడానికి చోటు లేకుండా పోయింది.

నాకూ ఇద్దరు పిల్లలు. రేపో మాపో నా భుజం వంతు కూడా వస్తుంది.

దసరా

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

దసరా నాడు గంజ్‌లో పెద్ద తరాజుకు పూజ చేస్తారు. పసుపు కుంకుమ పెట్టి, ఒక పలక మీద కంది బస్తా, రెండో పలక మీద నన్ను ఎక్కిస్తారు. పదేళ్లుగా ఇదే పద్ధతి. గుమ్మి సారు కిందికి దిగితే ఆ ఏడు కంది బాగా వస్తుందని హమాలీల నమ్మకం. నేను ఏనాడూ వాళ్లను నిరాశపరచలేదు.

ఈ రోజు ఎక్కాను. బస్తా దడాలున కింద పడింది. నేను పైకి లేచాను. కాళ్లు గాల్లో ఆడుతున్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. హమాలీ మేస్త్రీ జంగప్ప తలకు చుట్టిన తువ్వాల తీసేశాడు, శవం పోతుంటే తీసినట్టు.

దించిన తర్వాత దోసెడు బెల్లం ప్రసాదం పెట్టారు. వద్దంటే బాగుండదని తిన్నాను. డాక్టరు తీపి తినొద్దని ఊరికే అనలేదు. ఒళ్లంతా చెమట, కాళ్లు వణుకు. దడువాయి తాజ్ మొహమ్మద్ పట్టుకుని గోడకు ఆనించాడు. తూకం వేసే మనిషి, ఎంత బరువైనా జారనివ్వడు. ఏమైందని అడిగాడు. ఆ మెత్తదనానికి నా నోరు ఆగలేదు.

“ఆపరేషన్ అయింది తాజ్ భాయ్. ఎవలకు జెప్పకు.”

తాజ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. కింద ఎక్కువసేపు చూశాడు.

“అరే, గంత హిమ్మత్ జేసినవా? నేనెవలకు జెప్పను భాయ్.”

ఒక్కడికే చెప్పాను. ఒక్కడు లెక్కలోకి రాడు. నిర్ణయం నిలిచే ఉంది.

దసరా మరునాడు

గంజ్ అంతటికీ తెలిసింది. అయితే తెలిసింది వేరే.

రాజేందర్ సార్ కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఎవరూ పిలవకముందే ఎండాకాలం సెలవు పెట్టి పోయి చేయించుకుని వచ్చావు, నీలాంటి వాళ్లే దేశానికి కావాలి అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఈ రోజుల్లో ఆపరేషన్ అంటే ఒకటే ఆపరేషన్. మిగిలిన ఆపరేషన్లకు పేర్లుండాలి. నేను పేరు చెప్పలేదు.

సర్దిచెప్పాలనుకున్నాను. ఈలోపు చాయ్ తెప్పించాడు.

ఆలోచిస్తే ఇందులో నష్టం కనబడదు. నేను చెప్పింది నిజం. వాళ్లు విన్నది తప్పు. అసలు సంగతి ఎవరికీ తెలియదు, అంటే నా నిర్ణయం చెక్కుచెదరలేదు. పైగా జీపు నా జోలికి రాదు.

20 అక్టోబరు

నష్టం ఉంది.

జంగప్ప హమాలీలను కూర్చోబెట్టి చెప్తుంటే విన్నాను.

“నరం గోస్తె గిట్లనే అయితదట. గుమ్మి సారును జూడుండ్రి. బస్తంత మనిషి, తరాజు మీద పిట్ట లెక్క లేశిపాయె. నాలుగు ముద్దలు గూడ తింటలేడు. మనమైతె బస్తా మోస్తమా, బస్తా మనల మోస్తదా?”

క్యాంపుకు వస్తామన్న వాళ్లు కూడా వెనక్కి తగ్గారు. రాజేందర్ సార్ ఇప్పుడు చాయ్ తెప్పించడం లేదు. జర తిని లావు గావయ్యా, నీ మొహం చూసి మనుషులు పారిపోతున్నారు అంటున్నాడు. నన్ను చూసి ఉపవాసం మొదలుపెట్టింది ఈయనే.

23 నవంబరు

భాగమ్మకు కడుపు కనబడుతోంది. నల్లా దగ్గర పక్కింటి ఆమె అడిగిందట, మీ ఆయనకు ఎండాకాలమే ఆపరేషన్ అయిందట గదా, మరి ఇదెట్ల అని. అడిగి ఊరుకోలేదు. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టిందట. వెనక నిలబడ్డ వాళ్లు కూడా లెక్కపెట్టారట. భాగమ్మ బిందె అక్కడే వదిలి వచ్చేసింది.

“గంజ్‌ల ఏం జెప్పినవ్?”

“ఆపరేషన్ అయిందన్న.”

“ఏ ఆపరేషనో జెప్పలేదా?”

“ఎవలు అడుగలేదు.”

ఆమె నా వైపు తిరిగింది. కోపమైతే బాగుండేది. ఏదో పాత వస్తువును, ఎందుకు కొన్నానా అని చూసినట్టు చూసింది. రేపు పోయి చెప్పమంది. చెప్తానన్నాను.

24 నవంబరు

వేలం ఎక్కువగా ఉంది. కుదరలేదు.

26 నవంబరు

రాజేందర్ సార్ చిరాకుగా ఉన్నాడు. చిరాకులో ఉన్న మనిషికి చెప్తే మనసుకెక్కదు.

29 నవంబరు

తాజ్ ఒక్కడికి చెబుదామని పోయాను. నేను నోరు తెరవకముందే దగ్గరికి తీసుకుని, ఆపరేషన్లు అప్పుడప్పుడు ఫెయిల్ అయితయట, నువ్వు దిల్ చిన్నగ చేసుకోకు అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు. ఓదార్చేవాడికి అడ్డం పడలేకపోయాను.

2 డిసెంబరు

ఇద్దరు పిల్లలను తీసుకుని భాగమ్మ పెద్దేముల్ పోయింది, తల్లిగారింటికి. బస్సెక్కే ముందు ఒకటే మాట.

“నీకు కుట్లోడన్న పేరు రావద్దు. నాకు ఏ పేరొచ్చినా మంచిదే. గంతే గద?”

సంచి బస్సులోకి అందించాను. బస్సు పోయింది.

6 డిసెంబరు

చెప్పేశాను. చెప్పడం కాదు, చూపించాను.

పొద్దున వేలం ఆపి, తరాజు పక్కన అరుగు మీద నిలబడి అంగీ గుండీలు విప్పాను. గుండె కింద మొదలై బొడ్డు దాకా ఉంది గాటు. నాకు అయిన ఆపరేషన్ ఇది, ఇప్పుడు చూసుకోండి అన్నాను. అంతా దగ్గరికొచ్చి చూశారు. ఇక అర్థమైపోయినట్టే అనుకున్నాను.

జంగప్ప వేలితో గాటు పొడుగునా గాల్లో గీత గీశాడు.

“అవ్వో. గంత మీదికెల్లి మొదలువెడ్తరా?”

మధ్యాహ్నానికి గంజ్‌లో హమాలీలు లేరు. సగం మంది సేడం దిక్కు పోయారట. సరిహద్దు దాటితే కర్ణాటక, అక్కడ కూడా జీపులున్నాయని వాళ్లకు ఎవరు చెప్తారు? కంది బండ్లు వచ్చి నిలబడ్డాయి, దించేవాడు లేడు. క్యాంపు జీపు వచ్చి ఖాళీగా పోయింది.

రాజేందర్ సార్ కాగితం, కలం తీశాడు. నా బదిలీకి రాశాడని తాజ్ చెప్పాడు.

13 డిసెంబరు

హమాలీలు తిరిగొచ్చారు. గేటు కనబడేచోటనే కూర్చుంటున్నారు.

మధ్యాహ్నం పెద్దేముల్ బస్సు దిగి భాగమ్మ నేరుగా గంజ్‌లోకి వచ్చింది. నా గాటు కథ అక్కడిదాకా పోయిందట. నన్ను చూడలేదు. తరాజు దగ్గరికి పోయి, కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది. కడుపు దాచుకోలేదు.

“ఈయనకు కడుపుల పుండయింది. కడుపు గోశిన్రు. కిందికి ఎవ్వడు పోలేదు. ఇంక వేళ్లు లెక్కవెట్టెటోళ్లుంటె నా ముంగటనే లెక్కవెట్టుండ్రి.”

బస్తాల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. జంగప్ప చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తాజ్ మొహమ్మద్ ముందుకొచ్చి, “మాఫ్ చెయ్యి చెల్లె, తప్పు నాదే” అన్నాడు. ఆమె తప్పు నీది కాదన్నది. ఎవరిదో చెప్పలేదు. అందరూ నా వైపు చూశారు.

నేను ఆరు నెలలు దాచింది, ఆమె ఒక్క గుక్కలో ముగించింది. అప్పుడు నన్ను చూసి, గింతే పని అన్నది.

రాజేందర్ సార్ తన గది గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, అయితే ఉపవాసం, నడక? లేదు సార్ అన్నాను. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

నాకు కుట్లోడని పేరు పడలేదు. ఇప్పుడు భాగమ్మ మొగడు అంటున్నారు.

3 జనవరి 1977. వికారాబాద్.

బదిలీ మీద ఈ రోజు ఇక్కడ చేరాను. కొత్త ఆఫీసు, కొత్త మనుషులు. నేను లావుగా ఉండేవాడినని కూడా ఎవరికీ తెలియదు. రైల్లోనే నిర్ణయించుకున్నాను, ఇక్కడ మాత్రం ఒక్కరికి కూడా చెప్పను. భాగమ్మ వింటూ పల్లీలు ఒలుచుకుంది.

చేరగానే ఇక్కడి సూపర్‌వైజరు అంజిలయ్య సార్ కూర్చోమన్నాడు. పిల్లలెందరన్నాడు. ఇద్దరు, మూడోది రావాలి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీశాడు.

“ఆపరేషన్ అయిందా, గాలేదా?”

అయిందంటే సాయంత్రానికి ఇక్కడి నల్లా దగ్గర వేళ్లు లేస్తాయి. కాలేదంటే జీపు బయటే ఉంది, డ్రైవరు అందులోనే కూర్చున్నాడు. భాగమ్మ సామాన్లు సర్దుతూ ఇంట్లో ఉంది. ఈసారి ఆమెను బస్సెక్కించే ధైర్యం నాకు లేదు.

మొత్తం చెప్పేశాను. పుండు, హైదరాబాదు, సగం కడుపు, బెల్లం, అన్నీ. అడగకుండానే అంగీ కూడా విప్పాను. గాటు చూసి సార్, నీకు ఒక కోత చాలులే అని జీపును పంపించేశాడు. మాటలు విని పక్క గదిలోవాళ్లు వచ్చారు. వాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. భోజనాల వేళకు ఆఫీసులో అందరికీ తెలిసింది.

సరే. ఈ రోజు లెక్కలోకి రాదు. నిర్ణయం రేపటి నుంచి.

చౌకీదారు ఎంకయ్య సెలవులో ఉన్నాడట, రేపు వస్తాడట. అతనికి మాత్రం చెప్పేది లేదు.