జీడిపప్పు ఫ్యాక్టరీలో మీ ఆల్బమ్

చిరంజీవి రూబెన్‌కు,

పలాస నుంచి మీ మావ రాస్తున్నాను. దేవుని దయతో మీ అత్తా నేనూ బాగున్నాం. ఫోనులో నాకు మాట పెగలదు, అందుకే ఈ ఉత్తరం.

వైజాగులో మీరు నలుగురూ స్టూడియోలో చేసిన ఆల్బమ్ గురించి "గిటార్ల మోత, పాత వరసలు" అని పేపరులో రాశారట. దాంతో బ్యాండు మానేసి ఎవరి దారిన వాళ్ళు పోతామంటున్నారని మీ అమ్మ చెప్పింది. మీరు వాయించేదాన్ని పవర్ పాప్ అంటారట, అదేమిటో నాకు తెలియదు. ఇక్కడ జరిగింది రాస్తాను.

మీ అత్త జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తూ ఫోనులో మీ పాటలు పెడుతోంది. మూడో పాట అక్కడ అందరికీ వచ్చేసింది. మాటలు మాత్రం మీవి కావు. నిన్న అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, మీ అత్త పక్కన కూర్చునే బొడ్డమ్మ మీ వరసలోనే పాడుతోంది: "మేస్త్రి బాబో, కిటికీ తియ్యి, పొట్టంతా ముక్కులోకే!" తక్కిన ఆడవాళ్ళంతా అందుకున్నారు.

మేస్త్రి జోగారావు, "ఏటర్రా, నా మీదే పాట కడతన్నారా?" అని కసిరాడు. కిటికీ మాత్రం తీశాడు.

మాటలు మార్చారని బాధపడకు. నచ్చని పాటకైతే ఇక్కడ ఎవరూ అంత శ్రమ పడరు.

వచ్చేస్తుంటే బొడ్డమ్మ నన్ను ఆపి, "బావా, మీ అల్లుడి పాట ఇట్టే అయిపోతంది. మేస్త్రి మీద మాం ఇంకా సానా సెప్పాలి. పొడుగు పాటోటి కట్టమను" అంది. నేను తలూపి వచ్చేశాను.

మీరు విడిపోతే ఆమెకు ఏం చెప్పాలో రాయి.

మీ మావ