తల్లి లేని గొర్రెపిల్ల

గుణదల, 12-2-44

మీకు నమస్కరించి రాస్తున్నాను. అత్తయ్యా పాపా నేనూ కులాసాగానే ఉన్నాం.

నూలు ఇంకా దొరకడం లేదు. మగ్గం అమ్మేయమని మద్రాసు నుంచి మీరు రాసిన కార్డు అందింది. నేను అమ్మను. నూలు వచ్చేదాకా పెరట్లో గొర్రెల్ని పెంచుదామని నిశ్చయించుకున్నాను. బెజవాడ సంతలో అన్నీ కోతకు తెచ్చిన పోతులే. అందుకని నిన్న బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్ళి, కోసిన చేలలో మందలు దింపిన కాపరులందరినీ అడిగాను. ఆడ గొర్రెపిల్లను మాత్రం అమ్మేది లేదన్నారు. చివరికి ఒక ముసలాయన తల్లి చచ్చిన పిల్లను చూపించాడు.

"ఇది పాలు తాగట్లేదమ్మా, బతకదు. నీ డబ్బు తిని నీ ఉసురు పోసుకోలేను. కావాలంటే ఊరికే తీసుకుపో" అన్నాడు.

"ఊరికే వద్దు. కొనుక్కుంటే నాదవుతుంది. బతికించుకునే పూచీ నాది" అని డబ్బు చేతిలో పెట్టి తెచ్చుకున్నాను.

"చచ్చేదాన్ని కొనుక్కొచ్చావుటే" అని అత్తయ్య గొణిగారు. కాసేపటికి ఆవిడే గుడ్డ వత్తి మేకపాలలో ముంచి దాని నోట్లో పెట్టారు. ఈ ఉదయం ఆ వత్తిని లాక్కుని మరీ తాగింది.

అక్కడ పాలసీసా రబ్బరు పీక దొరికితే పంపండి. పెరటికి కంప కొట్టించమని మీ తమ్ముడికి ఒక ముక్క రాయండి, నా మాట వినడు. మీ దగ్గు తగ్గిందా?

అత్తయ్య దీవెనలు. తనే రెండు ముక్కలు రాద్దామనుకున్నారు గాని, ఒళ్ళో గొర్రెపిల్ల నిద్రపోతోందట, కదలనంటున్నారు.

మీ చౌడేశ్వరమ్మ